గాయని నిలబడే చోటు

“నా ముందున్న స్పీకర్లో నా గొంతు మూసుకుపోయినట్టుంది బాబూ, కాస్త చూడు,” అంది గాయని వేదిక మీద నుంచి.

సౌండ్ ఇంజనీరు ల్యాప్‌టాప్ వైపు చూశాడు. పొద్దున ప్రేక్షకుల కుర్చీల మధ్య మైకు పెట్టి హాలంతా శబ్దం ఎలా వినబడుతోందో కొలిచాడు. సాఫ్ట్‌వేర్ గీసిన గీత ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా ఉంది, అంటే శబ్దంలో ఏ లోపమూ లేనట్టే. డెబ్బయ్యేళ్ల మనిషితో వాదన ఎందుకని, ఆ స్పీకర్ శబ్దం పెంచే నాబ్ మీద వేళ్లు పెట్టి తిప్పినట్టు నటించాడు.

“ఇప్పుడెలా ఉందమ్మా?”

ఆమె ఒక చరణం పాడి ఆగింది. “తేడా ఏం లేదే. నిజంగా పెంచావా?”

“బాగానే పెంచానమ్మా.”

ఆమె మెల్లగా కుర్చీలో కూలబడి, పక్కనున్న కూతురి చెయ్యి పట్టుకుంది. “చెవులు పోతున్నాయని డాక్టరు అంటే నమ్మలేదే. అంత పెంచినా నాకు తెలియలేదు. ఇవాళ పాడలేనని కచేరీ పెట్టినవాళ్లకు చెప్పేసెయ్.”

కూతురు ఫోన్ తీసింది.

ఇంజనీరు గబుక్కున లేచాడు. వేదికెక్కి ఆమె ముందు నిలబడ్డాడు. “అమ్మా, నేనేమీ పెంచలేదు. ఊరికే తిప్పినట్టు చేశాను.”

కూతురు ఏదో అనబోతే గాయని ఆపింది. “ఉండవే. ఏమీ తిప్పలేదా? ఒట్టు?”

“ఒట్టమ్మా.”

ఆమె కళ్లు తుడుచుకుని నవ్వింది. ఆ నవ్వు కన్నా నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

కొలిచే మైకు తెచ్చి ఆమె నిలబడే చోట పెట్టాడు. పొద్దున అక్కడ కొలవనేలేదు. ఈసారి తెర మీద గీత మధ్యలో గోతిలా దిగిపోయింది.

“ఏం చూపిస్తోంది?” అడిగింది కూతురు.

“అమ్మగారు చెప్పిందే,” అన్నాడు తల ఎత్తకుండా.