ఉతికినవే ఉతుకుతూ

పుంగనూరులో ఆ వీధివాళ్లంతా అంబికను మెచ్చుకునేవాళ్లు. ఈ కాలపు పిల్ల అయ్యుండీ, వాడి పారేసే డైపర్లు వద్దని టిచ్ బటన్ల గుడ్డ డైపర్లు తెప్పించుకుంది. బిడ్డ కోసం రోజంతా మిద్దె మీద వాటిని ఉతుకుతూనే ఉంటుంది.

అత్త మునీశ్వరి కూడా ఆ సంగతి గొప్పగా చెప్పుకునేది. కింద ఉయ్యాలలో మనవరాలు ఏడిస్తే తానే ఎత్తుకునేది. పాలకు మాత్రం పైకి తీసుకెళ్లేది. బిడ్డ తాగినంతసేపూ అంబిక దండెం వైపు చూస్తుండేది.

ఆ రోజు మునీశ్వరి మిద్దె ఎక్కేసరికి, అంబిక ఎండిన డైపర్లను దండెం మీద నుంచి తీసి మళ్లీ బకెట్‌లో ముంచుతోంది.

"అవి ఉతికినవే కదమ్మా! మళ్లా యాల నానేస్తాండావు?"

అంబిక తలెత్తలేదు. "ఈ పని అయిపోతే కిందికి రావాల కదత్తా. వస్తే పాపను ఎత్తుకోవాల."

"ఎత్తుకుంటే ఏమాయె?"

"ఏమీ కాదు. ఎవురి బిడ్డనో ఎత్తుకున్నట్టుండాది. నవ్వు రాదు, ఏడుపూ రాదు. కన్నప్పటి నుంచీ ఇంతే."

ఆ మాట ఆమె, ధర అడిగిన వాళ్లకు ధర చెప్పినట్టు, మామూలుగా చెప్పింది.

మునీశ్వరి ఆమె పక్కనే తడినేల మీద కూర్చుంది.

"పొద్దున్నే మదనపల్లె బస్సెక్కుదాం. ఇప్పుడు నాకు చెప్పినట్టే డాక్టరమ్మకు చెప్పు. పాపను నేనెత్తుకుంటా."

"సరే" అంది అంబిక. చేతులు మాత్రం నీళ్లలోనే ఉన్నాయి.

మునీశ్వరి వాటిని బయటికి తీసి, నాని ముడతలు పడిన వేళ్లను ఒక్కొక్కటిగా తుడిచింది. అంబిక తుడవనిచ్చింది.