మందు పడని మొక్క

చెల్లెలు సక్యులెంట్ మొక్కని మెడ పట్టుకుని కుండీలోంచి ఒక్క లాగు లాగింది. దళసరి ఆకులు దెబ్బలు తిన్నట్టు వేలాడాయి.

"మెల్లిగా లాగవే, దాని ప్రాణం పోతుంది," అంది అక్క.

"పోయేలాగే ఉంది. నీళ్ళు రోజూ పోస్తున్నావా?"

"లేదు. నువ్వు చెప్పినట్టే, మట్టి బాగా ఎండాకే."

బాల్కనీ నిండా ఎండ ఉంది. కుండీ అడుగున చిల్లు కూడా ఉంది. వేళ్ళు మాత్రం నల్లగా కుళ్ళిపోయి చెల్లెలి చేతిలోకి ఊడి వచ్చాయి. ఆమె మట్టి వాసన చూసి ముఖం చిట్లించింది.

"దీనికి మందేమైనా కొట్టావా?"

"మందే. మీ బావది. సీసాలో సగం ఇందులో ఒంపేసి నీళ్ళు నింపుతున్నాను. మొత్తం తాగాడంటే ఇక మనిషి కాదు."

"సింకులో పారబొయ్యొచ్చుగా."

"పోశాను. వాసన పట్టేశాడు." అక్క నవ్వబోయింది. పగిలిన పెదవి మళ్ళీ విచ్చుకుని నెత్తురు వచ్చింది. "మొక్కల జోలికి మాత్రం రాడు."

లోపల గ్లాసు గోడకి తగిలి భళ్ళుమంది. "ఏమే, ఇది మందా, నీళ్ళా?" కుర్చీ వచ్చి బాల్కనీ తలుపుకి కొట్టుకుంది.

చెల్లెలు ఖాళీ కుండీ రెండు చేతులతో ఎత్తి తలుపు వైపు కదిలింది. అక్క ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది.

"దీన్ని బతికించమని కాదే నిన్ను పిలిచింది. ఎంత మందు పోసినా చావని మొక్క ఏదైనా ఉంటే తెచ్చిపెట్టు."