పెండ్లి వీడియోలో అవ్వ

ఈరేష్ పెండ్లి వీడియోలు తయారుచేసి పంపుతుంటాడు. ఊళ్ళో సిగ్నల్ అందదు కాబట్టి పొద్దుగూకినాక లాప్‌టాప్ పట్టుకుని నాపరాళ్ళ గనికి పోయి, రాళ్ళ కుప్ప మీద కూర్చుంటాడు.

ఈ రోజు పంపాల్సింది శానా పెద్ద ఫైలు. ఒంటిమిట్ట తిమ్మయ్యకు తెల్లవారితే కంటి ఆపరేషను. ఈలోగానే మనవరాలి పెండ్లి చూడాలని ఆయన పట్టుబట్టాడు. చనిపోయిన భార్య సుబ్బలక్ష్మమ్మను పాత ఫోటోలోంచి తీసి, పెండ్లికూతురి పక్క కుర్చీలో కూర్చోబెట్టమని కూడా అడిగాడు. ఈరేష్ అలాగే అతికించాడు. ఫోటోలో ఆమె మూతి ముడుచుకుని ఉంది.

ఫైలు చేరింది. కాసేపటికి ఫోను మోగింది.

"శానా బాగుండాదప్పా! మా ముసల్దాన్ని నవ్విచ్చినావే!"

"నేను నవ్విచ్చలేదు తాతా. అది ఉత్త ఫోటో. కదలదు."

"పోప్పా, ఎగతాళి! ఇదో, లేస్తాండాది. పందిట్లోంచి బయటికి పోతాండాది." తాత పకపకా నవ్వాడు.

ఈరేష్ తన దగ్గరున్న వీడియో తెరిచాడు. పెండ్లికూతురి పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. గనిలో కీచురాళ్ళ రొద ఒక్కసారిగా ఆగిపోయింది.

"తాతా, అవ్వ యాడికి పోతాండాది?"

"ఇంగ యాడికి? పనిచేసినోళ్ళకు వక్కాకు చేతికియ్యందే దానికి నిద్ర పట్టదు. నీకాడికే వస్తాంటాది. కాదనకుండా తీసుకో!"

రాళ్ళ కుప్ప వెనక గాజులు గలగలమన్నాయి. ఈరేష్ అటు తిరగలేదు. కుడిచెయ్యి అంగీకి తుడుచుకుని, మెల్లగా వెనక్కి చాచాడు.