కాఫీలో ఏదో కలుస్తోంది

"ఇది కాఫీయా, కషాయమా?" గొడుగుల కంపెనీ యజమాని ఒక్క గుక్క తాగి కప్పు పక్కకు నెట్టేశాడు. "వారమంతా ఇదే వరస. నా మూడ్ పాడైంది. ఇవాళ్టికి మీటింగ్ చాలు, లేవండి!"

కుర్చీలన్నీ ఒక్కసారిగా కిర్రుమన్నాయి. ఆఫీసు లెక్కలు చూసేది ఆయన భార్యే; ఆవిడ కూడా అందరితోపాటే లేచింది. ఆయన మాత్రం విసవిసా వంటగదిలోకి వెళ్లాడు. అక్కడ కాఫీ పెట్టే ఆవిడను ఆఫీసంతా అక్కా అనే పిలుస్తుంది.

"పొడి మార్చావా అక్కా?"

"లేదు సారూ, మీరు తెప్పించిందే."

"పాలు విరిగాయేమో?"

"విరిగిన పాలు మీకెందుకు పోస్తాను?"

"ఫిల్టరు సరిగ్గా తోముతున్నావా?"

"మీ ముఖం కనబడుతుంది, చూసుకోండి."

చూసుకున్నాడు. కనబడింది. అయినా నమ్మకం కుదరలేదు.

మర్నాడు కొత్త పొడి, కొత్త పాలు తనే కొని తెచ్చాడు. నీళ్లు సైతం ఇంటినుంచే మోసుకొచ్చాడు. పెళ్లిచూపులకు కూడా అంత శ్రద్ధ పెట్టి ఉండడు. పొయ్యి పక్కనే కాపలా నిలబడి, కాఫీ కలపగానే రుచి చూశాడు. అమృతం! ఫ్లాస్కు చంకన పెట్టుకుని మీటింగ్ గదికి తనే తీసుకెళ్లాడు. బల్ల మీద పెట్టాడో లేదో డీలరు ఫోను. వరండాలో మాట్లాడి వచ్చేసరికి అక్క అందరికీ కప్పుల్లో పోసేసింది.

తాగాడు. అదే చేదు.

"మీకు చేదుగా లేదూ?" అని చుట్టూ చూశాడు.

"బాగానే ఉంది సార్!" అన్నారందరూ ఒకే గొంతుతో. స్టోర్సు చూసే ఆయన సీలింగ్ వంక చూస్తున్నాడు. గొడుగుల డిజైన్లు గీసే అమ్మాయి మందు మింగినట్టు గటగటా తాగేస్తోంది.

"వంటగదిలో బాగున్న కాఫీ ఇక్కడికొచ్చేసరికి ఎలా పాడవుతుంది? పోసింది నువ్వేగా అక్కా! ఏం కలుపుతున్నావు? నామీద నీకేం పగ? రేపట్నుంచి పనిలోకి రావద్దు."

"నా పిల్లల మీద ఒట్టు సారూ, నాకేమీ తెలీదు. ఈ పని పోతే మేమెలా బతకాలి?" అక్క ఏడ్చేసింది. ఆ ఏడుపు చూడటం అక్కడెవరివల్లా కాలేదు.

యజమాని భార్య లేచి, హ్యాండ్‌బ్యాగులోంచి మెంతిపొడి పొట్లం తీసి బల్ల మీద పెట్టింది.

"ఆవిణ్ణేమీ అనకండి. ఫ్లాస్కులో కలిపింది నేను."

"నువ్వా!"

"నేనొక్కదాన్నే కాదు. మెంతులు తెచ్చింది స్టోర్సాయన, వేయించి దంచింది ఈ అమ్మాయి. తక్కినవాళ్లు తలుపు దగ్గర కాపలా."

యజమాని కుర్చీలో కూలబడ్డాడు. "నా కాఫీ మీద మీకందరికీ ఎందుకింత కక్ష?"

"కాఫీ మీద కాదండీ. అది బాగుందంటే మీరు ఇంకో కప్పు పోయించుకుని, మీటింగ్ మళ్లీ మొదట్నుంచి మొదలెడతారు!"