నింగు కాని చేప

నది ఒసెవెను మింగిన రోజున, అతని భార్య అవినో టీచరు ఒక చేపను స్పిరిటు సీసాలో వేసి, మూత బిగించి, పైన తేదీ రాసి, బడి బీరువాలో పెట్టింది.

"మొగుడి చివరి వేట కదా, దాచుకుంటోంది" అన్నారు ఆడవాళ్లు. ఆమె కాదనలేదు. నది సరస్సులో కలిసే మొగ దగ్గర శవం దగ్గరికి మొదట చేరింది ఆమే.

నీటిగుర్రం పడవను తిరగేసిందని పెద్దలు తేల్చారు. నింగు చేపలు గుడ్లు పెట్టడానికి సరస్సు నుంచి నదిలోకి ఎక్కే నెల అది. ఆ నెలలో మొగలో ఎవరూ వల వేయకూడదన్నది ఊరి కట్టు. నెలాఖరున వలలున్నవాళ్లంతా ఎప్పటిలాగే, కట్టు తప్పలేదని ప్రమాణం చేశారు. అందరికన్నా గట్టిగా చేసినవాడు ఒగ్వెనో.

"నా వల అటక దిగలేదు."

అవినో ఆ మాట విని బడికి వెళ్లిపోయింది.

బతికినన్నాళ్లూ ఒసెవెది ఒకటే మాట. "ఇది నింగు కాదు. మీసం చూడండి, పొట్టి. పక్క గీత మీద పొలుసులు లెక్కపెట్టండి, నాలుగు తక్కువ. ఇది వేరే జాతి." ఊరు నవ్వేది. ఒసెవె సమాధి దగ్గర కూడా ఒగ్వెనో నవ్వాడు. "పాపం, పొలుసులు లెక్కపెడుతూ లోతు లెక్క తప్పాడు." ఆ మాట అవినో మర్చిపోలేదు.

ఆమె సీసాతో సహా పంపిన చేపను చూసి, మూడేళ్లకు నగరంలోని మ్యూజియం ఉత్తరం రాసింది. కొత్త జాతే. పేరు మీరే సూచించండి. ఏ రోజున, ఎక్కడ, ఎవరు పట్టారో సాక్షుల సంతకాలతో పంపండి.

మర్నాడు పొద్దున్నే ఒగ్వెనో వాకిట్లో నిలబడ్డాడు. రేవు సంఘం ఎన్నికలు దగ్గరపడ్డాయి, అతను పోటీలో ఉన్నాడు.

"వదినా, పోయినవాడికి పేరెందుకు? వచ్చి ఓటేస్తాడా? నా పేరు పెట్టు. బడికి కొత్త రేకులు వేయిస్తా."



"సరే" అంది అవినో.

పక్కింటి న్యాసెంబో ఊరుకోలేదు. "సిగ్గుందటే నీకు? నీ మొగుడి చేపను తీసుకెళ్లి వాడి నోట్లో పెడతావా?"

"పెడతాను. ముళ్లున్న చేపే."

శనివారం ఇద్దరు పెద్దలు సాక్షులుగా బడికి వచ్చారు. ఒగ్వెనో కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు.

"నీ పేరుకు చివర లాటిన్ తోక తగిలిస్తారు" అంది అవినో.

"చేపన్నాక తోక ఉండదా?"

పెద్దలు నవ్వారు. ఆమె కాగితం ముందుకు జరిపింది.

"ఒసెవె పట్టాడని రాస్తే, మధ్యలో నీ పేరేమిటని అడుగుతారు."

"నా వలలో పడిందని రాసెయ్."

"దొరికింది మొగలో. ఆ రోజు మొగలో నీ వల ఉందని రాయనా?"

"ఇటొడ్డు నుంచి అటొడ్డు దాకా ఉందని రాయి."

ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "అటక దిగలేదని ఒట్టేశావుగదరా?"

"దిగిందిలే తాతా. దిగని వల ఎవడిది? మూడేళ్ల నాటి కట్టు ఇప్పుడెవడడుగుతాడు?"

"తేదీ?" అంది అవినో.

"అప్పుడు సీసా మీద రాసిందే వేసుకో టీచరమ్మా. నాకు పాఠం చెప్పకు."

సంతకం చేశాడు. పెద్దలిద్దరూ వేలిముద్రలు వేశారు. అవినో ముగ్గురికీ టీ పోసింది.

వాళ్లు వెళ్లాక ఆమె కలం తీసుకుంది. ఖాళీగా వదిలిన చేప పేరు గడిలో 'ఒసెవె' అని రాసింది. ఒసెవె మెడకు బిగుసుకున్న వలను కోస్తుంటే ఆ చేప దొరికిందన్న ఒక్క వాక్యం మాత్రం ఇంకా రాయవలసి ఉంది.