గుమ్మం దాటని తనిఖీ

గుట్ట కింద బొరియల్లో కుందేళ్లు కాపురముండేవి. ఆ బొరియల బాగోగులు చూసే పని పందికొక్కుది. ఓ సాయంత్రం మబ్బు కమ్మేసరికి తెల్లచెవి అనే తల్లి కుందేలు పందికొక్కుని తన గుమ్మం దగ్గరికి పిలిచింది. తెల్లచెవి బొరియ కప్పు నెర్రెలిచ్చి, పిల్లల మీద మట్టి రాలుతోంది.

"మూడుసార్లు మొత్తుకున్నాను. ఒక్కసారైనా లోపలికొచ్చి చూశావా మావా?" అని పందికొక్కుని నిలదీసింది.

"చూశాన్లేవమ్మా, గట్టిగానే ఉంది. ఊరికే కంగారుపడకు," అంది పందికొక్కు గుమ్మం బయటే నిలబడి.

"అయితే వాన వెలిసేదాకా నా పిల్లల పక్కన కూర్చో."

పందికొక్కు ఒకడుగు వెనక్కి వేసింది.

తెల్లచెవి వెంటనే ఇరుగుపొరుగుని కేకేసింది. అందరూ తలో పిల్లనీ నోట కరుచుకుని బండచాటుకి చేరారో లేదో, వాన మొదలై కప్పు కూలింది.

మర్నాటి నుంచి కుందేళ్లే వంతులేసుకుని బొరియలు చూడసాగాయి. అవి లోపలికెళ్లి సరేనన్నాకే ఏ బొరియైనా బాగున్నట్టు.