ముందొచ్చిన బండి ముందు

"ఇంకెంతసేపు మేస్త్రీ? కూర్చుని కూర్చుని నా నడుం బెంచీకి అతుక్కుపోయింది" అన్నారు కండక్టరు గారు.

కండక్టరు గారు ఉద్యోగం దిగిపోయి చాన్నాళ్ళయింది. పేరు మాత్రం దిగలేదు. చేతికొచ్చిన డబ్బుతో ఓ పాత కారు కొనుక్కున్నారు. అందులో ఏసీ వేస్తే వేడిగాలి కొడుతుంది. అందుకే పొద్దున్నే ఈ ఏసీ మేస్త్రీ షెడ్డుకొచ్చి బెంచీ ఎక్కారు.

"ఈ వ్యాను అవగానే మీదేనండీ" అన్నాడు మేస్త్రీ వ్యాను కిందనుంచి. కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

అంతలో ఓ ఎర్ర కారు దగ్గుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగింది. దాని వయసు తెలుసుకోవాలంటే తలుపు చప్పుడు వింటే చాలు. ఒకావిడ దిగింది. మొహం మీద చెమట ధారలు కట్టింది.

"మేస్త్రీ గారూ! ఏసీ లైను లీకవుతోంది. ఇవాళే చేసిపెట్టాలి."

కాళ్ళు కదలడం మానేశాయి. వ్యాను కిందనుంచి మేస్త్రీ తల బయటికొచ్చింది. ఆవిణ్ణి చూసింది, బెంచీ వైపు చూసింది, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

"వరసలో బళ్ళున్నాయి మేడమ్. ఇక్కడ ముందొచ్చిన బండి ముందు. కుదరదు."

"కుదరాలి. సాయంత్రం మా అత్తగారిని ఆసుపత్రి నుంచి తీసుకురావాలి. కంటి ఆపరేషనైంది. అద్దాలు దించితే దుమ్ము, ఎత్తితే ఉడుకు. ఎలా తెమ్మంటారు?"

"టాక్సీ పిలవండి."

"సొంత కారుండగా టాక్సీలో తెస్తే ఆవిడ ఊరంతా చెప్పుకుని ఏడుస్తుంది. ఆపరేషనైన కళ్ళతో ఏడవకూడదట!"

కండక్టరు గారి చెవులు నిక్కబొడుచుకున్నాయి. బస్సులో 'ఆ పెద్దావిడకి సీటివ్వండయ్యా' అని ఏళ్ళ తరబడి అరిచిన గొంతు ఆయనది.

"ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా అమ్మా?"

"ఉన్నారండీ ఒకాయన. రెండు ఎండాకాలాలుగా చెబుతున్నా. చూద్దాం అంటాడు, రేపంటాడు. గోడకి చెప్పినా ఈపాటికి ఓ ఇటుకన్నా కదిలేది."

"కన్నతల్లి కోసమైనా కదలడా? ఏం మనిషమ్మా వాడు!"

వ్యాను కింద ఏదో ఇనప సామాను ఠంగుమని పడింది.

"మేస్త్రీ, బతికే ఉన్నావా?"

"ఉన్నానండీ" అంది వ్యాను కింద గొంతు, నీరసంగా.

కండక్టరు గారు లేచి నిలబడ్డారు. "అయితే విను. నా వంతు ఈ అమ్మాయికిచ్చేశాను."

మేస్త్రీ పూర్తిగా బయటికొచ్చాడు. "అదేంటండీ! పొద్దుటి నుంచి మీరు కాచుకుని కూర్చున్నారు. నా షెడ్డులో రూలంటే రూలే."

"నా వంతు, నా ఇష్టం. రూల్సు నాకు చెప్పకు. నిండు బస్సులో రూల్సు నడిపినవాణ్ణి."

"తర్వాత మీరే బాధపడతారు."

"పడతాను. నీకేం?"

మేస్త్రీ తల గోక్కున్నాడు. వ్యాను పని ముగించి ఎర్ర కారు బానెట్ ఎత్తాడు. ఆవిడ వెళ్ళి సరిగ్గా అతని వెనకాలే నిలబడింది.

"ఆ పైపు కాదు, పక్కది చూడండి."

"మీరు చేస్తారా, నన్ను చెయ్యమంటారా?"

"చేసే మనుషులే అయితే నేనిలా రోడ్డున పడి ఎందుకొస్తాను?"

"చూశారా అండీ ఆ మాటలు!" మేస్త్రీ కండక్టరు గారికి మొర పెట్టుకున్నాడు.

"ఆవిడన్నదాంట్లో తప్పేముంది? కస్టమరుతో మర్యాదగా మాట్లాడు ముందు!" కండక్టరు గారు ఒంటికాలి మీద లేచారు.

మేస్త్రీ మళ్ళీ బానెట్ లోకి వంగాడు. లైనులోకి గ్యాసు ఒత్తిడి ఎక్కించి, సబ్బు నురగ పూసుకుంటూ పోయాడు. ఒక వంపు దగ్గర నురగలోంచి ఆవగింజంత బుడగలు పుట్టడం మొదలైంది. సన్నటి గొట్టం ఇనప క్లిప్పుకి రాసుకుని రాసుకుని చిల్లు పడింది.

"ఎన్నాళ్ళ నుంచి రాసుకుంటోందో!" అన్నాడు తనలో తాను.

"రెండు ఎండాకాలాల నుంచి" అంది ఆవిడ.

పాత గొట్టం తీసి కొత్తది వేశాడు. రెండు చివర్లా రబ్బరు రింగులు మార్చాడు. పంపు పెట్టి లోపలి గాలంతా లాగేశాడు. మీటరు ముల్లు కదలకుండా నిలబడితే లీకు లేనట్టు. టిక్కెట్టు లేనివాణ్ణి పట్టుకున్నప్పుడు చూసినట్టే కండక్టరు గారు ఆ ముల్లు వంక కళ్ళార్పకుండా చూశారు. ముల్లు ఉలకలేదు, పలకలేదు.

గ్యాసు నింపి ఏసీ వేశాడు. కండక్టరు గారు కిటికీలోంచి చెయ్యి పెట్టారు. వేళ్ళు జివ్వుమన్నాయి.

"మీ మేలు మర్చిపోనండీ" అంది ఆవిడ, స్టీరింగు ముందు కూర్చుని అద్దాలెత్తుకుంటూ.

"నాదేముందమ్మా! పెద్దావిడ కడుపులో చల్ల కదలకుండా ఇంటికి చేరితే చాలు." కండక్టరు గారి ఛాతీ జానెడు పొంగింది. చేతులు దులుపుకుని మేస్త్రీ వైపు తిరిగారు. "ఊఁ, ఇప్పుడిక మనదేగా?"

మేస్త్రీ అప్పటికే చేతులు కడుక్కుని, మాసిన చొక్కా మార్చుకుని, షట్టరు సగం దించేశాడు.

"మీది రేపు పొద్దున్నే మొదటి బండండీ."

"రేపా? ఇవాళ నీకు మించిపోయిన రాచకార్యం ఏముందయ్యా?"

"మా అమ్మని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకోవాలండీ" అంటూ మేస్త్రీ వెళ్ళి ఎర్ర కారులో ఆవిడ పక్క సీట్లో కూర్చున్నాడు.